చల్లటి గొట్టం

హైవే మీద కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఎల్లాజీ బండిని పక్కకు ఆపి బోనెట్ ఎత్తాడు. ఆవిరి ముఖానికి కొట్టింది.

వెనక సీట్లో తల్లి కూర్మమ్మ వాచిన కాళ్లతో ఆయాసపడుతోంది. శ్రీకాకుళంలో ఈ ఉదయం ఆమెకు డయాలసిస్. ఆలస్యమైతే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ వంతు ఎల్లుండే. అప్పటిదాకా ఆమె తట్టుకోలేదు.

"ఏటయిందిరా?"

"వేడెక్కిపోనాదమ్మా."

"నిన్నే కదరా ఏదో కొత్తది బిగించినావు?"

బిగించాడు. మెకానిక్ ఎందుకని ఇంటిముందే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కగానే నీళ్లను రేడియేటర్‌కు వదిలే మూత, తనే మార్చాడు. పడవ ఇంజన్లు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడే. కానీ పడవల్లో ఆ ముక్కను పీకి అవతల పారేయడమే అతనికి అలవాటు. బిగించడం ఇదే మొదటిసారి.

రేడియేటర్‌కు వెళ్లే గొట్టం ముట్టుకున్నాడు. చల్లగా ఉంది! ఇంజన్ కుతకుతలాడుతున్నా వేడినీళ్లు బయటికి రావడం లేదు. థర్మోస్టాట్‌ను తిరగేసి, ఇంజన్ వైపు ఉండాల్సిన దాని స్ప్రింగును బయటికి పెట్టి బిగించేశాడు.

విప్పాలంటే ఇంజన్ చల్లారాలి. వచ్చే పోయే బళ్లకు చెయ్యి ఊపాడు. ఒక బస్సు ఆగింది గానీ, మెట్టెక్కే ఓపిక కూర్మమ్మకు లేకపోయింది.

ఇంకేం చేయాలో తెలియక తువ్వాలుతో ఇంజన్‌కు విసరడం మొదలుపెట్టాడు.

"ఒరే సచ్చినోడా, దానికేటి ఇసురుతన్నావు? నాకిసురు. ఊపిరాడతనేదు."

అతను పరుగున వచ్చి ఆమెకు విసురుతుండగా ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సు.

"మీరు రాలేదని వేరేవాళ్లకి మిషన్ పెట్టేశామండీ."

"ఏటంటన్నారు?" అంది కూర్మమ్మ.

"వచ్చీమంటన్నారమ్మా," అని ఎల్లాజీ ఇంకా గట్టిగా విసిరాడు.