పధ్నాలుగు అడుగుల గోడ

రోజూ పొద్దున తొమ్మిదింటికి డిజైనరమ్మ వచ్చి టేపు తీసేది. ఆ టేపు గొప్పతనం చెప్పాలంటే ఒక పూట చాలదు. అది సర్రున సాగిందంటే వంకర గోడలు సిగ్గుపడి నిటారుగా నిలబడేవి! పంతొమ్మిదో అంతస్తులోని ఆ ఇంటికి ఆమె నలభై ఏడు ప్లాన్లు గీసి, నలభై ఆరు చింపేసింది. ఇంకొకరైతే పెన్సిల్ పారేసి ఊరొదిలి పారిపోయేవారు.

చిక్కల్లా బొమ్మలతోనే. ఇంటాయన దగ్గర నూటపన్నెండు పెయింటింగులున్నాయి. వీధంతా ఆయన్ని ఫ్రేములాయన అనేది. ఎవరైనా మనసారా మెచ్చుకుంటే ఆ బొమ్మలు బెత్తెడు పెరిగేవి, మనసారా తిడితే బెత్తెడు తగ్గేవి. పిల్లలు పొడుగవడం లాంటిదే కదా, ఎవరూ వింతగా చూడలేదు. ఆదివారం చుట్టాలొచ్చి వెళ్లారంటే సోమవారం డిజైనరమ్మ మేకులు మార్చేది, సోఫాలు జరిపేది, అంతే.

ఈ సోమవారం మాత్రం టేపు చూసి, నమ్మలేక ఆమె మళ్లీ మొదటినుంచీ కొలిచింది. హాల్లో అన్నిటికన్నా పెద్ద బొమ్మ, గాలికి ఎగిరే దుప్పట్లు ఆరేస్తున్న ఆడమనిషిది, పధ్నాలుగు అడుగుల గోడంతా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆక్రమించేసింది. ఇంకొక్క బెత్తెడు పెరిగితే మూల గోడ పగలగొట్టాలి. ఆ గోడ అవతలే ఇంటాయన అక్క గది.

“ఏం చేస్తాం మరి?” అన్నాడు ఫ్రేములాయన చేతులు నలుపుకుంటూ. “అక్కకి ఊరి చివర ఓ గది చూశాను. గాలీ వెలుతురూ బాగానే ఉంటాయట.”

“మీరే ఒకసారి తిట్టి చూడండి సార్.”

“పొద్దున్నించీ తిడుతూనే ఉన్నానమ్మా. వెధవ బొమ్మా అంటాను, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అది నమ్మడం లేదు.”

అప్పుడు డిజైనరమ్మకు అక్కగారి నోరు గుర్తొచ్చింది. ఏం నోరది! ఆవిడ కసిరితే ఏడో అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టు పంతొమ్మిది దాకా ఊపిరి తీసుకోకుండా వచ్చేసింది. కారే కొళాయిలు కారడం మానేసేవి. అంతటి మనిషి, నాలుగేళ్లుగా బట్టల బుట్టతో అదే హాల్లోంచి తిరుగుతున్నా ఏనాడూ తలెత్తి ఆ బొమ్మ వంక చూడలేదు.

“పెద్దమ్మగారూ, కడుపులో ఉన్నదంతా కక్కేయండి. మీ గది ఇప్పుడు మీ నోటి మీదే నిలబడి ఉంది.”

“తమ్ముణ్ణే వదల్లేదు, ఈ గుడ్డముక్కని వదుల్తానా?”

ఆవిడ బుట్ట దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, బొమ్మ ఎదుట నిలబడింది. “ఏమే! నాలుగేళ్లు నీడనిస్తే నా మంచానికే ఎసరు పెడతావా? నీ ముఖం చూడు...”

అని తనే ఆ ముఖం చూసింది. పళ్ల మధ్య రెండు క్లిప్పులు పట్టుకుని, జారిపోయే దుప్పటిని అందుకోబోతున్న ముఖం. అలసట ఉంది, ఆ అలసటలోనే ఏదో నవ్వుంది.

“తిట్టవే అక్కా,” అన్నాడు తమ్ముడు.

“తిడతాన్రా, ఉండు.” ఉండమంది గానీ తిట్టలేదు. బొమ్మకి ఇంకో అడుగు దగ్గరికి జరిగి అంది: “క్లిప్పులు కూడా మర్చిపోలేదు చూడు. ఎంత చక్కగా వేశాడ్రా!”

ఫ్రేము కిర్రుమంది. మూల గోడ మీద బీట ఒకటి పైనుంచి కిందికి పాకింది. డిజైనరమ్మ పరుగున వెళ్లి రెండు చేతులూ ఆనించి తోసింది. గోడే ఆమెను మూడడుగులు వెనక్కి నెట్టింది.

“చూడకండి పెద్దమ్మగారూ, ఇటొచ్చేయండి!”

“ఉండమ్మాయ్,” అంది ఆవిడ తల తిప్పకుండా. “దుప్పటి అంచు ఇంకా చూడలేదు.”