దరఖాస్తుదారు తల్లి

"పన్ను పీకించుకోడానికి ఇంత ముస్తాబేంటి?" అన్నారు భర్తగారు, కెమెరా లెన్సు తుడుచుకుంటూ, తలెత్తకుండానే.

ఆమె అప్పటికి వంట ముగించి, గిన్నెల మీద మూతలు పెట్టి, అత్తగారి మాత్రల్లో పొద్దుటివి వేరు, మధ్యాహ్నానివి వేరు చేసి, ఏది ఎక్కడుందో అందరికీ రెండేసి సార్లు చెప్పి, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది. "డాక్టరు దగ్గరికి నలిగిన బట్టల్తో వెళ్తే బాగోదు కదండీ" అంది. నిజానికి ఆమె పళ్ళు ముప్ఫై రెండూ రాళ్ళలా ఉన్నాయి. ఆ పన్ను నొప్పి వారం రోజులుగా ఆమె ఓపిగ్గా, బుగ్గ మీద చెయ్యేసుకుని మరీ అల్లుకొచ్చిన దంతకథ.

వెళ్తున్నది ఫిల్మ్ స్కూలుకి. పాత పేపర్లు కట్ట కడుతుంటే కనిపించింది ప్రకటన. సినిమా నేర్చుకోవాలనుకునేవారు శనివారం వచ్చి స్కూలు చూసుకోవచ్చు, చెప్పేవాళ్ళతో మాట్లాడవచ్చు, వయోపరిమితి లేదు. ఆ చివరి రెండు మాటలూ ఆమె వెంటపడ్డాయి. గిన్నెలు తోముతుంటే వెంటపడ్డాయి, దుప్పట్లు దులుపుతుంటే వెంటపడ్డాయి.

బస్సెక్కిన దగ్గర్నుంచీ గుండెల్లో రైళ్ళు కాదు, రీళ్ళు పరిగెత్తడం మొదలెట్టాయి. ఒక రీల్లో ఆడపడుచు సరిగ్గా ఆ స్కూలు ముందే ఎదురై "వదినా, నువ్విక్కడ?" అంటుంది. రెండో రీల్లో స్కూలు వాళ్ళు ఎగాదిగా చూసి నవ్వుతారు. మూడోది అన్నిటికన్నా భయంకరం. అందులో ఎవరూ నవ్వరు. "రండి" అంటారు. అప్పుడేం చెయ్యాలి? భయం వేసినప్పుడు ఇలా రైళ్ళని రీళ్ళు చేసి, మాటల్ని విరిచి ఆడుకోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. లోపలే సుమా. పైకి అంటే "వెటకారమా?" అని అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటారు.

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటిది పెళ్ళి వీడియోల వ్యాపారం. భర్తగారు తీస్తారు, ఆమె తీసేస్తుంది. ఆయన రోజంతా నిలబడి తెచ్చిన తొమ్మిది గంటల సరుకులోంచి పెళ్ళికొడుకు మేనమామ ఆవలింతలూ, అడ్డొచ్చిన మోచేతులూ, కెమెరా ఆపడం మర్చిపోయి తీసిన నేలా తీసేసి, చూడదగ్గ రెండు గంటలు మిగులుస్తుంది. పేరుకి ఎడిటింగ్, చెయ్యబోతే ఎడతెగనిది. తయారైన వీడియో మీద పేరు మాత్రం ఆయనొక్కరిదే. ఎవరైనా మెచ్చుకుంటే "మా ఆవిడ కూడా అప్పుడప్పుడూ ఓ చెయ్యేస్తుంది లెండి" అంటారాయన, ఔదార్యంగా. అత్తగారు ఆ ఒక్క చెయ్యి కూడా ఒప్పుకోరు. "కూచుని చేసేది కూడా ఓ పనేనా? బొమ్మలు చూసుకుంటుంది" అంటారు. కొడుకులిద్దరూ స్నేహితులకి చెప్పేది ఇంకా పొట్టిగా ఉంటుంది. "అమ్మా? బటన్లు నొక్కుతుంది."

ఇన్నేళ్ళూ ఆమె కూడా అంతే అనుకుంది. ఈ మధ్యే, ఒక పెళ్ళికూతురు వాళ్ళమ్మ భుజం మీద వాలిన చోట, తర్వాత ఏ బొమ్మ రావాలో తోచక చెయ్యి ఆగిపోయింది. చేతికి పని తెలుసు గానీ ఎందుకలా చేస్తోందో తనకి తెలియడం లేదు. అది తెలుసుకోవాలి. అంతే. అంత చిన్న కోరికకి ఇంత చెమటా?

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు తోశాడు. "ఎవరికోసమమ్మా?"

"నాకోసం" అన్న మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, అక్కడ కూచుంది. ఆమె వెనక వరసలో అందరూ ఇరవై ఏళ్ళవాళ్ళు. ఒకడి చొక్కాలో ఆమె ఇద్దరు కొడుకులూ పడతారు.

"మా అమ్మాయి కోసం" అంది.

అలా, ఇద్దరు మగపిల్లల తల్లికి నలభై నాలుగో ఏట, ఏ నొప్పులూ లేకుండా గేటు దగ్గర ఆడపిల్ల పుట్టింది.

పుట్టిన పిల్ల ఊరుకుంటుందా, పెరిగింది. నల్లరంగు గోడల పెద్ద గదిలో దీపాలు చూపిస్తూ ఒక మాస్టారు "మీ పాపకి ఏ విభాగం ఇష్టం?" అన్నాడు. "ఎడిటింగ్" అంది. "వయసెంత?" "పంతొమ్మిది." ఆ వయసులోనే తను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. "మరి తను రాలేదేం?" "భయం సార్." ఆయన నవ్వాడు. "దేనికండీ భయం?" ఆమె నవ్వలేకపోయింది. "అందరికీ అన్నీ తెలుసునేమో, తనకే తెలీదేమోనని. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనని. తీరా చేరాక చేతకాకపోతే, ఇంట్లో వాళ్ళన్నదే నిజమైపోతుందని." ఆయన నవ్వు మానేసి, దీపం ఆర్పేసి, "పెద్ద భయాలే" అన్నాడు.

అంతలో సంచిలో ఫోను మోగింది. భర్తగారు. వరండాలోకి పరిగెత్తింది.

"పీకారా?"

"ఇంకా లేదండీ. ఇప్పుడే మత్తిచ్చారు."

"మత్తిస్తే ఇంత స్పష్టంగా మాట్లాడుతున్నావేంటి?"

ఆమె గబుక్కున నాలుకని బుగ్గలోకి తోసింది. "అదేండీ... ఇప్పులే ఎక్కుతోంది."

"సర్లే. త్వరగా రా. నిన్నటి పెళ్ళి వాళ్ళు సాయంత్రానికి కావాలంటున్నారు." ఫోను పెట్టేశారు. నొప్పిగా ఉందా అని అడగలేదు. లేని నొప్పే అయినా, అడక్కపోతే ఎక్కడో కలుక్కుమంది.

వెళ్ళిపోదాం అనుకుంది. మెట్ల దాకా వెళ్ళింది కూడా. మెట్ల పక్క గది తలుపు తెరిచి ఉంది. లోపల వరసగా కంప్యూటర్లు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఎడిటింగ్ మేడమ్ నలుగురు పిల్లల చేత ఏదో చేయిస్తోంది. తెర మీద ఒక తండ్రీ కూతురూ బల్లకి అటూ ఇటూ కూచున్నారు. కూతురు ఇల్లు వదిలి వెళ్తానని చెబుతోంది. మూడుసార్లు తీసిన ఆ మాటల్ని కత్తిరించి ఒకటిగా కూర్చాలి.

"రండి, రండి. ఎవరైనా చెయ్యొచ్చు" అంది మేడమ్.

"నేను కాదండీ. మా అమ్మాయి..."

"అయితే అమ్మాయి తరఫున చెయ్యండి. కంప్యూటరు కొరకదు."

కూచుంది. చెయ్యి దాని మానాన అది వెళ్ళి, అన్నిటికన్నా ముందు ఒక పని చేసింది. సౌండు తీసేసింది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఆమె అది గమనించలేదు. పెదాల్నీ, మెడ మీది నరాల్నీ చూస్తూ కోసింది, అతికింది, మళ్ళీ కోసింది. పది నిమిషాల తర్వాత తలెత్తితే నలుగురు పిల్లలూ ఆమె కుర్చీ వెనక చేరి ఉన్నారు.

మేడమ్ సౌండు పెట్టి చూసింది. ఒక్క అక్షరం తెగలేదు.

"మాటల సీను మాట వినకుండా కోశారేంటండీ?"

"అలవాటు... మా అమ్మాయికి. కంప్యూటరు పడగ్గదిలో ఉంటుంది. పని చేసే టైముకి ఆయన భోంచేసి పడుకుంటారు. చప్పుడైతే లేస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అత్తగారు పిలిచింది వినపడదు."

"అమ్మాయికి అత్తగారా?"

ఆమె నాలుక కరుచుకుంది. మేడమ్ రెట్టించలేదు. బొమ్మని వెనక్కి జరిపి ఒకచోట ఆపింది. "ఇక్కడ కూతురు ఏమీ మాట్లాడట్లేదు. ఎందుకుంచారు?"

"గుటక పడింది కదండీ. ఒక మాట అనబోయి మింగేసింది. మింగిన మాట కూడా మాటే కదా."

మేడమ్ ఆ చోటు మళ్ళీ ఒకసారి ఆడించింది. "ఇది బాగుంది. నేర్పితే వచ్చేది కాదు. కానీ తండ్రి మొహం కోపంతో వికారంగా మారినప్పుడల్లా కోసేశారు, గమనించారా? ఇది పెళ్ళిళ్ళ చెయ్యి. అందరూ అందంగా ఉండాలి, ఎవరూ నొచ్చుకోకూడదు. అది వదలడానికి ఏడాది పడుతుంది. ఏడిపిస్తాను కూడా."

పొగిడితే తట్టుకునేదేమో. దొరికిపోయానన్న భయం కాళ్ళలోంచి పైకి పాకింది. ఇరవై రెండేళ్ళలో ఆమె పనిలో తప్పు పట్టినవాళ్ళు లేరు. తప్పు పట్టాలంటే ముందది పని అని తెలియాలి కదా.

మేడమ్ సొరుగులోంచి కాయితం తీసింది. "మీ అమ్మాయిని చూడాలనుంది. దరఖాస్తు మీరే నింపి ఇవ్వండి. ఈ రోజే ఆఖరు."

వరండాలో బెంచీ మీద కూచుని ఒళ్ళో పెట్టుకుంది. పెన్ను జారింది. మళ్ళీ తీసింది. ఇంటి చిరునామా గడిలో అంకెలు వంకర్లు పోయాయి. ఉత్తరం ఆ ఇంటికే వస్తుంది, అత్తగారే అందుకుంటారు, భర్తగారే చింపుతారు. అయినా చిరునామా మార్చలేదు. పేరు దగ్గర తన పేరు రాసింది. వయసు దగ్గర చెయ్యి పంతొమ్మిది అని వేసేసింది. కొట్టేసి నలభై నాలుగు వేసింది. కొట్టివేత పక్కన, కాయితంలో అడిగినట్టుగానే, సంతకం కూడా పెట్టింది.

చిట్టచివర ఒక గడి మిగిలింది. "దరఖాస్తుదారుతో మీకు గల సంబంధం."

తల్లి అనొచ్చు. ఇంకా గేటు దాటి వెళ్ళిపోవచ్చు. ఆ గడికేసి చాలాసేపు, భయంభయంగా, ఎవరో తెలిసిన మొహాన్ని గుర్తుపడుతున్నట్టు చూసింది. ఆపైన గుండ్రటి అక్షరాలతో రాసింది:

"ఇవాళే పరిచయం."