గున్నయ్య ఎడమ బూటు కింది ఇనుపబద్ద

నేను ఒక ఇనుపబద్దను. చూడగానే కత్తిపీట కత్తి అనుకుంటారు. అనుకోండి, నాకేం కోపం లేదు. మా ఇంటావిడే ఏళ్ళ తరబడి అలాగే అనుకుంది.

పుట్టింది లేహ్‌లో, ఓ మిలిటరీ జీపు కింద కమానుకట్టగా. జీపు చచ్చింది, నేను మిగిలాను. శ్రీకాకుళం ఉద్దానం నుంచి వచ్చిన సిపాయి బెందాళం గున్నయ్య అక్కడి కమ్మరి చేత నన్ను రెండుగా కోయించి, సాన పట్టించి, బూట్ల అడుగున బిగించుకున్నాడు. ఎడమకాలికి నేను, కుడికాలికి మా అన్న. అక్కడ చలికాలం వస్తే మైదానం నిండా నీళ్ళు పోస్తారు. తెల్లారేసరికి అద్దమైపోతుంది. ఆ అద్దం మీద జారుతూ, కొస వంగిన కర్రలతో ఓ నల్ల రబ్బరు బిళ్ళను తరమడమే ఐస్ హాకీ. మంచు అంటే సోడాకొట్లో ఐసుముక్కే అనుకున్న మనిషి కదా, మొదటి ఏడాది గున్నయ్య నిలబడిన దానికంటే కూర్చున్నదే ఎక్కువ. మరుసటి ఏటికి మమ్మల్ని పట్టుకోవడం గాలి వల్ల కూడా కాలేదు. ఓసారి ఆయన కొట్టిన బిళ్ళ మైదానం దాటి, కొండ దాటి పోయింది. ఇంకా దొర్లుతూనే ఉంది. అబద్ధమైతే వెళ్ళి వెతికి తీసుకురండి.

అలా ఆడి ఆడి జట్టుకు నాయకుడయ్యాడు. చివరి ఫైనల్లో ఎవడో అడ్డుపడ్డాడు. మా అన్న విరిగాడు, గున్నయ్య మోకాలూ విరిగింది. పడ్డవాడు పడ్డట్టే బోర్లా జారుకుంటూ పోయి గోలు కొట్టాడు. కప్పు జట్టుకు వచ్చింది, గున్నయ్య ఇంటికి వచ్చాడు.

ట్రంకుపెట్టెలో నన్ను చూసిన ఆయన భార్య దాలమ్మ, "మంచి ఇనుము తెచ్చినావు మావా, పనసకాయకి సరిపోతాది" అని, ఆయన నోరు తెరిచేలోగా వడ్రంగి చేత పీటకు బిగించేసింది. ఐసు మీద ఎగిరినవాణ్ణి, పనసపాల జిగురులో పడ్డాను.

నీళ్ళ మీద హాకీ ఆడానంటే టీకొట్టు దగ్గర ఊరంతా నవ్వింది. గున్నయ్య సహించాడు. కానీ దాలమ్మ కూడా నవ్వింది.

"నూకలు సల్లితే పరిగెత్తుకొచ్చీడానికి నేనేటి కోడిపెట్టనా? మోకాలు ఏ బండి మీంచి పడి ఇరగ్గొట్టుకున్నావో సెప్పీ మావా, ఏటనను."

ఆ రోజుతో ఆయన ఆ కబుర్లే మానేశాడు. అంత ఆటా సొంత ఇంట్లోనే అబద్ధమైపోయింది.

మొన్న చలికాలం విశాఖపట్నంలో ఓ పెద్ద షాపింగ్ మాల్లో ఐసు గచ్చు పరిచారని తెలిసింది. గున్నయ్య నన్ను పీట నుంచి ఊడదీసి, తువ్వాలులో చుట్టి, దాలమ్మను బస్సెక్కించాడు. గేటు దగ్గర కాపలావాడు నన్ను బయటికి తీశాడు.

"కత్తి లోపలికి తేకూడదు తాతా."

"కత్తి కాదు బాబూ, నా ఎడం కాలు."

ఇలాంటి ముసలాళ్ళతో వాదన దేనికని వాడు వదిలేశాడు.

లోపల అద్దె బూట్లే వేసుకోవాలన్నారు. నేను దాలమ్మ ఒళ్ళో కూర్చున్నాను. గున్నయ్య కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. విరిగిన మోకాలిని ఓసారి తడుముకున్నాడు. ఎంతకీ కదలడే!

"వచ్చీ మావా, పడిపోతావు! నమ్మినానులే, వచ్చీ!"

ఆ 'నమ్మినానులే'లో నమ్మకం ఎంతుంటుందో మొగుళ్ళందరికీ తెలుసు. ఆయన కమ్మీ వదిలేశాడు.

మొదటి అడుగు తడబడింది. తర్వాతి అడుగు జారింది. ఆపైన నడుం వంచి, చేతులు ఊపుతూ గచ్చంతా చుట్టి వచ్చాడు. దాలమ్మ ముందు పక్కకు తిరిగి ఒక్కసారిగా ఆగితే, మంచుపొడి లేచి ఆవిడ చీర మీద పడింది. ఆవిడ దాన్ని వేలితో తాకి, కరిగేదాకా చూసింది.

"నన్నూ దించు మావా" అంది.

ఇప్పుడు నేను వీధిగదిలో మేకుకు వేలాడుతున్నాను. పనసకాయలకు కొత్త కత్తిపీట వచ్చింది. వాకిట్లో కొళాయి దగ్గర దాలమ్మ రోజూ ఇరుగుపొరుగులకు చెబుతూనే ఉంటుంది:

"మా మావ ఓ సుట్టు తిరిగినాడో నేదో, ఆ గాలికి కొట్లలో సీరలన్నీ ఎగిరిపోనాయమ్మా! నలుగురు పోలీసులొచ్చి ఆపినారు!"

అరుగు మీద గున్నయ్య సిగ్గుతో చచ్చిపోతూ, "అంత నేదే..." అంటాడు.

"నువ్వూరుకో మావా. ఆడినోడివి, నీకేటి తెలుస్తాది? సూసినదాన్ని నేను!"