ఇరుసులో అతుకు

ఆ జీపు ఎక్కాలంటే గౌస్ బాషాకి భయం. ఊళ్లో ఇంకెవరికీ లేని భయం ఆయనొక్కడికే ఎందుకంటే, దాని వెనక ఇరుసులో వెల్డింగు పెట్టింది ఆయనే.

జీపు చెంచురామయ్య గారిది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన వాటిలో ఒకటి. నానా చేతులూ మారి పర్చూరు అవతలి నల్లరేగడిలోకి వచ్చి పడింది. ముందు చక్రాల్ని తిప్పే కడ్డీ ఎవరి చేతిలో ఊడిందో ఎవరికీ తెలీదు. ఇక ఎంత బరువైనా వెనక చక్రాలే లాగాలి. ఎండాకాలం బాగానే లాగేవి. నాలుగు చినుకులు పడితే మాత్రం ఆ నేల సంగతి తెలిసిందేగా, కాలు పెడితే చెప్పు మిగలదు. ఒక చక్రం బురదలో గిర్రున తిరిగేది, రెండోది కదలకుండా చోద్యం చూసేది. చెంచురామయ్య గారు ఎద్దుల కోసం కబురు పెట్టడం, ఎద్దులు జీపుని లాగడం, మిరపనారు నాటే ఆడవాళ్లు నడుం ఎత్తి నవ్వడం. ఆ నవ్వే ఆయనకి పెద్ద బాధ.

"రెండు చక్రాలూ కలిసి తిరగాలంటే ఏం చెయ్యాలి గౌసూ?" అని ఓ రోజు గౌస్ బాషా రిపేరు షెడ్డుకొచ్చి అడిగాడు.

గౌస్ బాషా దాచుకోకుండా ఉన్న రెండు దారులూ చెప్పాడు. ఇరుసు మధ్యలో గుండులాంటి పెట్టె ఉంటుంది. దాన్నే డిఫరెన్షియల్ అంటారు. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి కదా, అలా తిరగనిచ్చేవి అందులోని పళ్లచక్రాలే. బురదలో కొంప ముంచేవీ అవే. పైదేశాల్లో ఇప్పుడు కొత్తరకం గుండు చేస్తున్నారట. లోపల బిళ్లలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి. ఒక చక్రం ఊరికే జారుతుంటే రెండో దానికి బలం ఇస్తాయి, మలుపు వస్తే కాస్త వదులిస్తాయి. మద్రాసులో ఒక కొట్టాయన తెప్పిస్తానంటున్నాడు. ఓడలో రావాలి, సర్కారు పర్మిట్ కావాలి.

"ఎప్పటికొస్తది?"

"మిరపకోతల నాటికి రావచ్చండి."

"అప్పటికి వాన ఉండదు, నాకు దాంతో పని ఉండదు. రెండో దారేంటి?"

"లోపలి పళ్లచక్రాలన్నీ కలిపి వెల్డింగు పెట్టేయడం. అప్పుడు రెండు చక్రాలూ ఒకటే. బురదలో దున్నపోతులా పోద్ది. గట్టి రోడ్డు మీద మాత్రం మాట వినదండి. మనం పక్కకి తిప్పితే అది తిన్నగా పోతానంటది."

"పెట్టెయ్."

పెట్టేశాడు. పెట్టాక నిద్రపట్టక ఒక ఉపాయం ఆలోచించాడు. తారురోడ్డు ఎక్కే చోట జీపు ఆపాలి. ఎడమ చక్రం మధ్యలో ఉన్న ఆరు బోల్టులూ విప్పి, లోపలి యాక్సిల్ కడ్డీని బయటికి లాగి వెనక పడేసుకోవాలి. ఇక కుడి చక్రమొక్కటే బండిని నడుపుతుంది. ఎడమది ఎద్దుబండి చక్రంలా దాని మానాన అది తిరుగుతుంది. ఏ మలుపైనా తిరగొచ్చు. మళ్లీ బురదలోకి దిగేముందు కడ్డీ దూర్చి బోల్టులు బిగించుకోవాలి. డ్రైవరు యలమందయ్య చేత దగ్గరుండి ఇదంతా చేయించాడు.

"మర్చిపోతే?" అన్నాడు యలమందయ్య.

"కాలవ మలుపు దగ్గర గుర్తొస్తదిలే" అన్నాడు గౌస్ బాషా.

చీరాల పోయే ఆ రోడ్డు తిన్నగా కాలవ మీదికి వచ్చి, గట్టు అంచున మెడ విరిచినట్టు ఎడమకి తిరుగుతుంది. పిట్టగోడ లేదు. కింద నిండుకాలవ.

ఆ ఏడు గౌస్ బాషా కూతురు జమీలా మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ముసురు పట్టిన రోజే తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మంత్రసాని జోహరాబీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"బిడ్డ చెయ్యి ముందొచ్చింది. నా వల్ల కాదు. చీరాల ఆస్పత్రికి తీసుకుపోండి. పొద్దుగూకనివ్వొద్దు" అంది.

ఆ బురదలో ఎద్దుబండి చీరాల చేరేసరికి తెల్లారుతుంది. పోగలిగేది జీపొక్కటే. గౌస్ బాషా వానలో పరుగెత్తాడు. అడిగీ అడగకముందే చెంచురామయ్య గారు యలమందయ్యని కేకేశాడు. వెనక గడ్డి పరిచి, బొంత వేసి జమీలాని పడుకోబెట్టారు. గౌస్ బాషా భార్య జాన్‌బీ కూతురి తల ఒళ్లో పెట్టుకుంది. జోహరాబీ కాళ్ల దగ్గర కూర్చుంది. గౌస్ బాషా పానా, సుత్తి పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

బురదలో జీపు ఎక్కడా ఆగలేదు. రెండు చక్రాలూ కలిసి రేగడిని చీల్చుకుంటూ పోయాయి. "నీ చేతిపని మంచిదే" అంది జాన్‌బీ వెనక నుంచి. కాపురానికి వచ్చాక ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన భయం బురద గురించి కాదు.

తారురోడ్డు అంచున జీపు ఆగగానే కిందికి దూకాడు. ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని పానా పెట్టాడు. పట్టలేదు. బురద అడ్డమనుకుని చేత్తో తుడిచాడు. వేళ్లకి గరుగ్గా ఏదో తగిలింది. వాన దాన్ని కడిగేశాక కనపడింది. ఆరు బోల్టుల తలకాయలూ చక్రానికి అతికించేసి ఉన్నాయి.

"ఏరా యలమందా, ఇదేంటి?"

యలమందయ్య దిగొచ్చి తల దించుకున్నాడు. "బోల్టులు ఊడి బురదలో పడిపోతున్నయ్ బాషా. ఒకసారి పడితే దొరకవు. కాలవ తలుపులు బాగుచేయడానికి వెల్డింగోళ్లు వస్తే వాళ్ల చేత అతికించా. అప్పట్నుంచి చేలకి తప్ప తారు మీదికి తేలేదు. ఇందాక ఆ కంగారులో గుర్తు రాలేదు."

గౌస్ బాషా సుత్తితో కొట్టాడు. కొట్టిన కొద్దీ చెయ్యి జివ్వుమంది గానీ ఒక్క బోల్టూ చలించలేదు. ఎవడో గానీ మంచి పనివాడు. లోపల జమీలా గొంతు చించుకుని అరిచింది.

"ఎందుకాగారు?" అంది జాన్‌బీ.

"ఏం లేదు" అన్నాడాయన. కూతుర్ని కాలవలోకి తీసుకుపోతున్నానా, ఆస్పత్రికి తీసుకుపోతున్నానా అన్నది ఆయనకే తెలియలేదు. ఆగితే మాత్రం బిడ్డా తల్లీ ఇద్దరూ దక్కరు. "పోనీ" అన్నాడు.

తిన్నని రోడ్డు మీద బాగానే పోయింది. మొదటి చిన్న వంపు దగ్గర యలమందయ్య స్టీరింగు ఎంత తిప్పినా జీపు తిన్నగా పోయి రోడ్డు పక్క కంపకి రాసుకుని గానీ దారికి రాలేదు.

"కాలవ మలుపు నేను తిప్పలేను బాషా" అన్నాడు యలమందయ్య.

మలుపుకి ఇవతలే జీపు ఆపించాడు గౌస్ బాషా. "అందరూ దిగండి" అన్నాడు. జాన్‌బీ ఆయన్ని పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. నలుగురూ బొంత నాలుగు కొసలూ పట్టుకుని, జమీలాని వానలో మోసుకుంటూ మలుపు దాటించి ఒక తుమ్మచెట్టు కింద దించారు.

"నన్నెందుకు దింపావు నాన్నా?" అంది జమీలా మూలుగుతూ.

నా చేతిపని మీద నాకే నమ్మకం లేక తల్లీ అనుకున్నాడు. "రోడ్డు బాగాలేదమ్మా" అన్నాడు పైకి.

యలమందయ్య జీపు వైపు నడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్వుండు. లోపలి అతుకు నాది" అన్నాడు. వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కొంచెం కొంచెంగా తిప్పాలని ఆయన ఆలోచన. మొదటి గేరు వేసి స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పాడు. ముందు చక్రాలు ఎడమకే చూస్తున్నాయి, జీపు మాత్రం కాలవ వైపే పోయింది. బ్రేకు తొక్కాడు. తడిసిన బ్రేకు పట్టీపట్టక, జీపు జారి జారి ఆగింది. వెనక్కి తీశాడు, అదీ తిన్నగానే వచ్చింది. మళ్లీ ముందుకి. ఈసారి గట్టు అంచు మట్టి విరిగి నీళ్లలో దబ్బుమని పడడం వినపడింది. దూకెయ్యాలనిపించింది. జీపుకి తలుపు కూడా లేదు, కాలు బయట పెడితే చాలు. ఆ క్షణంలో ఆయనకి కూతురు గుర్తులేదు, తన ప్రాణమొక్కటే గుర్తుంది. తర్వాత జీవితమంతా ఆయన సిగ్గుపడింది దానికే.

చెట్టు కింద నుంచి జమీలా అరుపు వినపడింది. కాలు లోపలే ఉంచుకుని వెనక గేరు వేశాడు. స్టీరింగు వదలకుండా బలమంతా పెట్టి యాక్సిలరేటర్ తొక్కాడు. కంకర మీద చక్రాలు పెనుగులాడాయి. జీపంతా వణికింది. ఫట్‌మని, తుపాకీ పేలినంత మోత.

యాక్సిల్ కడ్డీ విరిగింది. మోత వినగానే తెలిసిపోయింది. మామూలు జీపుకి కడ్డీ విరిగితే ఇక అంగుళం కదలదు. అయిపోయింది, నా కూతుర్ని నేనే చంపుకున్నాను అని స్టీరింగు మీద తల వాల్చాడు. ఏం చెయ్యాలో తోచక కాసేపటికి క్లచ్చి మళ్లీ వదిలాడు. జీపు వెనక్కి కదిలింది.

నమ్మలేక ముందు గేరు వేశాడు. జీపు ముందుకి కదిలి, ఎద్దుబండి తిరిగినంత తేలిగ్గా ఎడమకి తిరిగింది. అప్పుడు అర్థమైంది. లోపల పళ్లచక్రాలు అతుక్కుని ఉన్నాయి గనక, ఎడమ కడ్డీ విరిగినా కుడిది పనిచేస్తోంది. తను పానాతో తీయలేకపోయిన కడ్డీ తనంతట తానే విరిగి తప్పుకుంది. ఆయన ఏడుస్తూనే జీపుని తుమ్మచెట్టు దాకా తోలుకొచ్చాడు.

దీపాల వేళకి చీరాల చేరారు. డాక్టరమ్మ చాలాసేపటికి బయటికొచ్చి, ఆడపిల్ల అనీ, ఇద్దరూ బతికారనీ చెప్పింది.

మర్నాడు చెంచురామయ్య గారు బస్సులో వచ్చి గౌస్ బాషా వీపు తట్టాడు. "నీ అతుకే కాపాడిందంటగా. పక్కూరి అంకమ్మరావు వాళ్ల జీపుకీ పెట్టాలంట, అడగమన్నాడు."

"పెట్టనండి" అన్నాడు గౌస్ బాషా.

ఊరికి తిరిగిపోతూ మలుపు దగ్గర జీపు ఆపి, గట్టు అంచున పడిన చక్రం అచ్చు చూపించాడు. దానికీ గాలికీ మధ్య జానెడు నేల కూడా లేదు. "మద్రాసుకి ఉత్తరం రాయండి. కొత్త గుండు వచ్చేదాకా దీన్ని బయటికి తీయొద్దు" అన్నాడు.

చెంచురామయ్య గారు వంగి అచ్చు పక్కన జాన పెట్టి చూసుకున్నాడు. "రాస్తా. ఈలోగా ఇంకో పిల్లకి నొప్పులొస్తే?"

గౌస్ బాషా ఎడమ చక్రం దగ్గర కూర్చుని, అతికిన బోల్టులు వేళ్లతో తడిమాడు.

ఎద్దులు జీపుని బురదలోంచి ఊళ్లోకి లాగాక, అతికిన బోల్టులు కోసేసి, కొత్త కడ్డీ, కొత్త బోల్టులు ఆయనే వేశాడు. మద్రాసు కొట్టాయన వస్తుంది వస్తుంది అంటూనే ఉన్నాడు. వానాకాలమంతా గౌస్ బాషా లేకుండా ఆ జీపు ఊరు దాటలేదు. పాము కరిచినవాడున్నా, పురిటి మనిషి ఉన్నా ముందు సీట్లో పానాతో ఆయన ఉండాల్సిందే. తారు అంచున దిగి, ఎడమ చక్రం బురద తుడిచి, ఆరు బోల్టుల తలకాయలూ వేళ్లతో తడిమి చూశాకే పానా పెట్టేవాడు.

హారన్ వినపడగానే జాన్‌బీ ఆయన అన్నం మీద మూత పెట్టేది. ఆయన చెయ్యి కడుక్కుని లేచేవాడు. ఎక్కాలంటే భయం మొదటి రోజు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది.