పిన్ని తలుపు కేసు ముగింపు నివేదిక

మా పిన్ని ఆరేళ్ళుగా తన ఇంట్లోకి కిటికీలోంచి వెళ్తోంది. వీధి తలుపుంది, దానికి తాళముంది, తాళంచెవి పిన్ని సంచిలోనే ఉంది. తలుపుకి జానెడు దూరంలో ఆవిడ మరిది కట్టిన ఇటుక గోడ కూడా ఉంది. ఆ సందు తనదని అతగాడి వాదన. కిటికీ ఊచలు పీకించి, బయట ఒక ముక్కాలి పీట, లోపల ఒక ముక్కాలి పీట వేసుకుని పిన్ని కాపురం నెట్టుకొచ్చింది. ఆవిడ లాయర్ని నేనే. ఒక సోమవారం నాడు గెలిచాను. ఆరేళ్ళెందుకు పట్టిందని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆపై సోమవారమే పిన్నికి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత పీటలెక్కడం, కిటికీలు దూకడం కుదరదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఈలోగా తీర్పు నకలు తీసుకెళ్ళి, తీర్పులు అమలుచేసే కోర్టు అమీనా చేతిలో పెడితే, ఆయన మనుషులతో వచ్చి గోడ కొట్టిస్తాడు. నకలు లేకుండా ఒక్క ఇటుక కదిపినా మరిది ఇంకో కేసు వేస్తాడు. అంటే ఇంకో ఆరేళ్ళు.

గురువారం పొద్దున్నే నకళ్ళ విభాగానికి వెళ్ళాను. అక్కడి ఉద్యోగిని తల ఎత్తకుండానే చెయ్యి చాచింది.

"ముగింపు నివేదిక రసీదు?"

నేను నవ్వాను. సివిల్ కేసు ముగిసినప్పుడల్లా లాయరు పదకొండు పేజీల నివేదిక ఇవ్వాలన్న నిబంధన సరిగ్గా ముందురోజే రద్దయింది. ఎదుటి లాయరుతో ఎన్నిసార్లు మాట్లాడారు, ముందు ఎవరు నవ్వారు, కక్షిదారు కోర్టు నుంచి ఏ ముఖంతో వెళ్ళాడు, ఇలాంటివి నలభై ప్రశ్నలు. దాన్ని రద్దు చెయ్యాలని ఎనిమిదేళ్ళు పోరాడిన సంఘానికి కార్యదర్శిని నేనే. ఆరోజు నన్ను భుజాల మీద ఊరేగించారు కూడా.

"అది రద్దయిందమ్మా."

"నివేదిక రద్దయింది. రసీదు చూడందే నకలు ఇవ్వకూడదన్న రూలు రద్దవలేదు. అది వేరే పుస్తకంలో ఉంది."

"నివేదికే లేనప్పుడు రసీదెక్కణ్ణుంచి వస్తుంది?"

"అది మీరు రద్దు చేయించకముందు ఆలోచించుకోవాల్సింది సార్."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నది ఈవిడని చూసే అని ఉంటారు. జడ్జిగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన సెలవులో ఉన్నారు. రిజిస్ట్రారు దగ్గరికెళ్తే, రసీదు రూలు కూడా రద్దు చేయించడానికి ఒక సంఘం పెట్టుకోమని సలహా ఇచ్చాడు.

చివరికి మెట్ల కింద గదిలో ఉండే ముద్దరయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు. ఇరవై ఏడేళ్ళుగా నివేదికలు పుచ్చుకుని ముద్ర కొట్టడమే ఆయన ఉద్యోగం. గది మూసేస్తున్నారు, ఆయన కట్టలకి పురికొస చుడుతున్నాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"నివేదిక తీసుకోవడం నిన్నటితో ఆఖరు బాబూ. ఇవాళ తీసుకుంటే నేరం."

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. పిన్ని ఆపరేషన్ అయిన కాలితో పీట ఎక్కుతున్నట్టు కళ్ళకి కట్టింది. నా పోరాటం, నా ఊరేగింపు, అన్నీ మా పిన్ని మోకాలికే వచ్చి తగిలాయి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తీసిన గోతిలో మా పిన్ని పడింది. అదే నాకు సిగ్గు.

ముద్దరయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీ నివేదికలు చదవడం నాకు సరదా. మూడు వందల కేసుల్లోనూ కక్షిదారు చిరునవ్వుతోనే వెళ్తాడు."

"మీరు చదువుతారా?" స్టూలు మీంచి లేచాను. ఎవరూ చదవరన్న ధైర్యంతోనే నేను ఏటా ఒక సెలవురోజు కూర్చుని, ఆ ఏడు దాఖలు చేసిన కేసులన్నిటికీ ముగింపు నివేదికలు ముందే రాసి, ఇక్కడ పడేసి మరిచిపోయేవాణ్ణి. నేనే కాదు, లాయర్లందరూ అంతే.

ఆయన సొరుగు లాగి పసుపురంగుకి తిరిగిన కాగితాల బొత్తి తీశాడు. పైన నా సంతకం. తలుపు కేసు.

"ఇది మీరు ఆరేళ్ళ కిందట ఇచ్చారు. నేను తీసుకున్నాను. కేసు ముగియలేదు గనక రసీదు రాయలేదు, అబద్ధానికి ముద్ర ఎలా కొడతాను? ఇప్పుడది నిజమైంది. తీసుకోవడం రద్దయింది గానీ, తీసుకున్నదానికి రసీదివ్వడం రద్దవలేదు."

ముద్ర మీద ఊది, ఆఖరిసారి గట్టిగా కొట్టాడు. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. "సొరుగులో ఇంకా ముప్ఫై ఒకటి ఉన్నాయి బాబూ. వాటిని కూడా ఎవరైనా నిజం చేస్తే బాగుండు" అన్నాడాయన.

శనివారం గోడ కూలింది. ఆపరేషనయ్యాక పిన్నిని ఇంటికి తెచ్చింది నేనే. చేతికర్ర ఆసరాతో ఆవిడ మెల్లగా గడప దాటి, కుర్చీలో కూర్చుని, అమీనా బల్లమీద వదిలి వెళ్ళిన కాగితాలు చేతిలోకి తీసుకుంది. వాటిలో రసీదుకి జతచేసిన నా నివేదిక కూడా ఉంది. వద్దనే లోపే చదవడం మొదలుపెట్టింది.

"'కక్షిదారు నెలరోజుల్లోనే గోడ తీయించుకుని, వీధి తలుపులోంచి చిరునవ్వుతో ఇంట్లోకి వెళ్ళింది.' ఇదెప్పుడు రాశావురా?"

"ఆరేళ్ళ కిందట పిన్నీ."

పిన్ని కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కట్టు కట్టిన మోకాలు నిమురుకుంటూ, కిటికీ కింద ఇంకా అలాగే ఉన్న ముక్కాలి పీట వైపు చూసింది.

"అయితే ఈ ఆరేళ్ళూ ఆ కిటికీ ఎక్కింది ఎవర్రా?"