నాలుగు వందల ఒకటో ముక్క

పెద్దమ్మ చేతికి వణుకు వచ్చిన సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు పెద్దమ్మ, రెండోది ఒంటిచెప్పు. తెలిసినా ఇద్దరూ ఆ మాట ఎన్నడూ పైకి అనుకోలేదు. మూడేళ్ల కిందట ఒక పొద్దున పెద్దమ్మ రంపం ముందు నుంచి లేచి, "నడుము పట్టేసిందే, కాసేపు నువ్వు కూర్చో," అంది. ఆ కాసేపు ఇంకా అవలేదు.

ఒంటిచెప్పు అసలు పేరు కాదు. తల్లి పోయాక, ఎనిమిదేళ్ల పిల్లగా బస్సు దిగి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది బస్సులోనే జారిపోయింది. "ఇదెక్కడి ఒంటిచెప్పు వచ్చిందే నా ప్రాణానికి!" అని పెద్దమ్మ నవ్వితే, అప్పటిదాకా ఏడుస్తున్న పిల్ల కూడా ముక్కు తుడుచుకుని నవ్వింది. పేరు అలా అతుక్కుపోయింది. ఇప్పుడు పందొమ్మిదేళ్లు.

వాళ్ల పని ముక్కలు పేర్చి బొమ్మ కలుపుకునే చెక్క పజిళ్లు కొయ్యడం. పలచని ప్లైవుడ్ పలక మీద బొమ్మ అతికించి, దారమంత బ్లేడున్న రంపం మెషీను మీద ఒక్కో ముక్కా కోస్తారు. బ్లేడు ఉన్నచోటే ఉండి కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ ఆడుతుంది. తిరగాల్సింది చెక్క, తిప్పాల్సింది చేతులు. ముందుగా గీతలేవీ గియ్యరు. చేయి రవ్వంత తడబడిందా, అంచుకు గంటు పడుతుంది, పక్క ముక్క దాన్ని పట్టుకోదు. వదులైన ముక్కను ఆ తర్వాత ఏం చేసినా బిగించలేరు.

ప్రతి పజిల్‌లో ఒక ముక్కను కోసినవాళ్ల గుర్తు ఆకారంలో కోస్తారు. పెద్దమ్మ గుర్తు నత్త. కొనుక్కున్నవాళ్లు డబ్బా తెరవగానే ముందు ఆ నత్త ఎక్కడుందో వెతుకుతారు. దొరికిందాకా నిద్ర పట్టదట కొందరికి. ఈ మూడేళ్లుగా ఆ నత్తలన్నీ ఒంటిచెప్పు కోసినవే.

"ఎప్పుడూ నీ నత్తేనా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగింది.

"నాలుగు వందల ముక్కల పలక, ఒక్క గంటు లేకుండా కోసి చూపించు. నీ గుర్తు కూడా పెట్టుకో. నేనెందుకు వద్దంటాను?"

అప్పటినుంచి ప్రతి పలకకూ ఏదో ఒక వంక దొరికేది. ఒకదానికి అంచు గరుకు. ఇంకోదానికి నత్త మూతి మొద్దు. ఒంటిచెప్పు ఎదురు చెప్పేది కాదు. ఇంకో పలక అందుకునేది.

చివరికి ఆ వానకాలంలో, గడియారాల ఆయన ఇచ్చిన బొమ్మ వచ్చింది. వానలో గొడుగుల బజారు. ఊళ్లో పాత గడియారాలన్నీ ఆయన చేతుల్లోనే బాగుపడతాయి. పదేళ్లుగా భార్య కోసం ఏడాదికి నాలుగు పజిళ్లు కోయించుకుంటున్నాడు. ఒంటిచెప్పు ఆ పలకను కోసుకుంటూ వచ్చి, గుర్తు కోసం ఒక మూల జానెడు మిగిల్చి ఆపేసింది. కోసిన ముక్కలన్నిటినీ పెద్దమ్మ బొటనవేలితో తడిమింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూసింది. వంక దొరకలేదు.

"సరే. నత్త మాత్రం ఉండాలి, అది ఇంటి గుర్తు. నీదేం పెడతావో చెప్పు."

"చెప్పే పెద్దమ్మా."

"చెప్పమనేగా అడుగుతున్నాను, మొద్దూ!" అని, అర్థమయ్యాక పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

మడమ దగ్గర గుండ్రంగా, నడుము దగ్గర సన్నంగా, వేళ్ల దగ్గర వెడల్పుగా, ఒక ఎర్ర గొడుగు మీద ఒంటిచెప్పు తన చెప్పు కోసుకుంది. బొటనవేలి గోరంత ఉంది. చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ ఇంట్లో తనదంటూ ఏదీ లేదని ఆమెకు ఎప్పుడూ దిగులు లేదు. ఇప్పుడు ఒకటి ఉందని మాత్రం సంతోషంగా ఉంది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. కోసినవాళ్లు తమ పజిల్‌ను తామే పేర్చి చూడకూడదు. చేతికి దారి గుర్తుంటుంది కనుక కంటికి తప్పు తెలియదు. అందుకని పేర్చి చూసేది పెద్దమ్మే. ఒంటిచెప్పు డబ్బా మూత లోపల 'ముక్కలు నాలుగు వందలు' అని రాసి, అట్టపెట్టెలు తేవడానికి బజారుకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పజిల్ డబ్బాలో ఉంది, తెరుచుకోకుండా మూతకు కాగితం అంటించి ఉంది. రంపానికి బ్లేడు మర కాస్త వదులుగా కనిపించింది. బిగించడం తనే మరిచిపోయి ఉంటానని బిగించేసింది.

పదకొండు రోజులు ఆమె ఒకే మాట కోసం ఎదురుచూసింది. గడియారాల ఆయన వచ్చి, "ఆ చెప్పు ఎవరిదమ్మా?" అని అడగాలి. ఏం జవాబు చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది. "నాదేనండీ," అంటే చాలు.

పన్నెండో రోజు పొద్దున్నే ఆయన వచ్చాడు. నుదుటిమీదికి తోసిన భూతద్దం, ఒక చంకలో పజిల్ డబ్బా, రెండో చంకలో చుట్టిన కొత్త బొమ్మ.

"చెల్లెమ్మా, లెక్క తప్పావు. నాలుగు వందల ఒకటి ఉన్నాయి. మా ఆవిడ మూడుసార్లు లెక్కపెట్టింది."

"ఎక్కువిచ్చినా తగువుకొస్తారా అన్నయ్యగారూ?" అంది పెద్దమ్మ.

"తగువు కాదమ్మా, ఇది చూడు." మరలు దాచుకునే చిన్న రేకు డబ్బాలోంచి రెండు ముక్కలు తీసి బల్లమీద పెట్టాడు. "ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవడం లేదు. ఎత్తితే జారిపోతున్నాయి. నీ చేతిపని ఇలా ఉండదే!"

ఒకటి మడమ. ఒకటి వేళ్ల వైపు. చెప్పును నడుము దగ్గర అడ్డంగా కోసేశారు. ఆ కోత తిన్నగా లేదు. చలికి వణికే దవడలా అంచంతా పళ్లు పళ్లుగా ఉంది. బజారుకు వెళ్లొచ్చిన సాయంత్రం వదులుగా ఉన్న మర ఒంటిచెప్పుకు గుర్తొచ్చింది.

పెద్దమ్మ ఆ ముక్కల వంక చూడనైనా చూడలేదు.

"అదొక్కటీ మా పిల్ల కోసింది అన్నయ్యగారూ. నేర్చుకుంటోంది. చేయి ఇంకా నిలవదు."

"అదా సంగతి!" ఆయన ముఖం తేలికపడింది. ఒంటిచెప్పు వైపు తిరిగి, "బాధపడకమ్మా, మొదట్లో నేనెన్ని స్ప్రింగులు ఎగరగొట్టలేదూ! మిగతా మూడు వందల తొంభై తొమ్మిదీ చూసి నేర్చుకో. అదీ మీ పెద్దమ్మ చెయ్యంటే," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఓదార్పు ఒంటిచెప్పుకు చెంపదెబ్బలా తగిలింది.

"ఆ చోటికి ఒక ముక్క కొత్తగా కోసిస్తే చాలు. బొమ్మ లేకపోయినా సరే, వదులు లేకుండా ఉండాలి," అన్నాడాయన.

"ఏమే, అదే పలక మిగులుంది కదా, కోసిపెట్టు," అంది పెద్దమ్మ.

ఒంటిచెప్పు చెక్క తెచ్చింది. రెండు సగాలనూ దానిమీద దగ్గరగా పేర్చి, చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. రంపం ముందున్న స్టూలును చీర కొంగుతో దులపడం పెద్దమ్మ అలవాటు. ఈసారి ఒంటిచెప్పు తన ఓణీతో దులిపింది.

"నేర్చుకుంటున్నదాన్ని కదా పెద్దమ్మా, మళ్లీ చెడగొడతానేమో. నువ్వు కొయ్యి."

పెద్దమ్మ నడుము మీద చెయ్యి వేసుకుంది. "నా నడుము సంగతి తెలుసుగా."

"ఒక్క ముక్కే కదా చెల్లెమ్మా!" అన్నాడు గడియారాల ఆయన ఉత్సాహంగా. "పదేళ్ల నుంచీ కొంటున్నానే గాని, నువ్వు కోస్తుండగా ఒక్కసారీ చూడలేదు. కూర్చోమ్మా, చూస్తాను."

పెద్దమ్మ ఒంటిచెప్పు వైపు చూసింది. ఆ చూపు బతిమాలింది. ఒంటిచెప్పుకు అది అర్థమైంది. అర్థమయ్యే, మెషీను స్విచ్చు వేసింది.

పెద్దమ్మ కూర్చుంది. చెక్కను రెండు చేతులతో అదిమిపట్టింది. బ్లేడు తగలగానే చెక్క దడదడలాడింది. గీత ఒకవైపు పోతే కోత ఇంకోవైపు పోయింది. పెద్దమ్మ పళ్లు బిగించి తిప్పబోయింది. బ్లేడు టక్కున విరిగింది.

గడియారాల ఆయన భూతద్దం కంటిమీదికి దించాడు. కొత్త కోత చూశాడు. తెచ్చిన సగం చెప్పు అంచు చూశాడు. రెండిటిలోనూ అవే పళ్లు. మళ్లీ అద్దం పైకి తోసి, ఎటు చూడాలో తెలియనట్టు కిటికీ వైపు చూశాడు.

"ఎన్నాళ్లయింది చెల్లెమ్మా?"

పెద్దమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"మూడేళ్లండీ," అంది ఒంటిచెప్పు.

"అంటే, మా ఇంట్లో ఉన్న నత్తలు..." అని ఆగిపోయాడు. డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "ఉండనీ చెల్లెమ్మా. మా ఆవిడకు చెప్పనులే. నువ్వు నీ చేత్తో కోశావనే ఆవిడ వాటిని గుండెలకు హత్తుకుంటుంది."

చుట్టిన కొత్త బొమ్మ బల్లమీదే ఉంది. గుమ్మం దాటినవాడు వెనక్కి వచ్చి, "ఇది తర్వాత చూద్దాం," అంటూ దాన్ని కూడా తీసుకుని వెళ్లిపోయాడు. ఒంటిచెప్పు ముఖం వంక చూడలేదు. చెప్పు ఎవరిదని అడగలేదు.

"కడుపు నిండిందా?" అంది పెద్దమ్మ, స్టూలు మీదినుంచి కదలకుండానే.

"నాదాన్ని ఎందుకు కోశావు?"

"రెండు గుర్తులుంటే ఇంక నత్త కోసం ఎవరు వెతుకుతారే?" అంది. ఒళ్లో పడ్డ రంపపు పొట్టును వేలితో కుప్పగా చేసింది. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టుగా, "ఆ ఒక్క కోతా వణక్కుండానే కోశాననుకున్నాను," అంది.

పదకొండు రోజులు ఒంటిచెప్పు నోట్లో దాచుకున్న మాట ఇక ఎవరికీ అక్కర్లేదు.

పెద్దమ్మ లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఒంటిచెప్పు విరిగిన బ్లేడు తీసి కొత్తది తగిలించింది. మర బిగించి, గోటితో మీటి, మోత సరిగ్గా పలికేదాకా ఇంకాస్త బిగించింది. వేరేవాళ్ల పలక ఒకటి సగంలో ఉంది. నదీ, పడవలూ. దాన్ని ముందుకు లాక్కుని మొదలుపెట్టింది. లోపలినుంచి అలికిడి లేదు. కళ్లు పదేపదే మసకబారుతుంటే భుజంతో తుడుచుకుంటూ కోసింది. గుర్తు పెట్టాల్సిన చోటు వచ్చింది. ఏం పెట్టాలా అని ఆగాలనుకుంది గాని, చేతులు ఆగలేదు. చెక్క తనంతట తనే తిరిగినట్టు తిరిగి, ఒక చుట్టు, ఇంకో చుట్టు, ముక్క ఊడి అరచేతిలో పడింది.

నత్త. ఈసారి మూతి కూడా మొద్దుగా రాలేదు.