పుట్టమన్నులో సీసం

మా పక్కింటి అండాలు తన మనవడి గుంటలోకి చేతుల్తోనే మన్ను తోసింది. ఏడో నెలలోనే చనిపోయి పుట్టాడు. పార పట్టుకుని పక్కనే ఉన్నాను. నా పేరు భిక్షం. చౌటుప్పల్ దాటాక మా ఊరి అంచున పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కంపెనీ ఉంది. అందులో కొలిమి కూలీని. ఈ కథ చెప్పే అర్హత నాకుందో లేదో మీరే తేల్చండి.

"ఏం పాపం జేసినంరా భిక్షం?" అంది అండాలు.

జవాబు వారం తర్వాత పట్నంలో డాక్టరమ్మ దగ్గర దొరికింది. అండాలు కోడలు సుమన నెత్తుట్లో సీసం ఉందట. "మన్ను తిన్నవా?" అని అడిగితే సుమన తల వంచుకుంది.

మా దిక్కు కడుపుతో ఉన్న పిల్లకు మన్ను మీద పాణం గుంజితే అత్తే ముద్దుగా తెచ్చిపెడుతుంది. కంపెనీ వెనక గట్టు మీది పుట్టమన్ను అండాలు రోజూ కొంగున కట్టుకొచ్చింది, పెంకు మీద వేయించి మరీ పెట్టింది. దవాఖానలో ఇచ్చిన ఇనుము గోలీలు మాత్రం, పిల్లడు నల్లగా పుడతాడని దాచేసింది.

"నెత్తురు తక్కువైతేనే మన్ను మీదికి మనసు పోతదమ్మా," అంది డాక్టరమ్మ. "ఒంట్ల ఇనుము, కాల్షియం లేకుంటే సీసాన్ని ఇంకింత గుంజుకుంటది. తల్లికెక్కింది బిడ్డకూ చేరుతది."

ఆ పుట్ట మీద రాలిన బూడిద నేను మండించిన కొలిమిదే. థూ, నా బతుకు! ఆ బూడిద అంటిన బట్టలే ఇంట్లో దులిపాను. నా కూతురు మనీషకు ఐదో నెల. కాన్పు దాకా మా ఇంట్లోనే ఉంటుంది.

సంగతి తెలిసి పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూడింది. కంపెనీ మేనేజర్ వచ్చి నవ్వాడు. "మన్ను తిన్నది మీ కోడలు. తినిపిచ్చింది నువ్వు. నడుమ కంపెనీ ఏం జేసిందమ్మా?"

అండాలు నోట్లో కొంగు కుక్కుకుని కూలబడింది.

నేను లేచాను. "మన్ను దినుడు మనం ఇయ్యాల మొదలువెట్టినమా? మా అవ్వ దిన్నది, మీ అవ్వ దిన్నది. గప్పుడు గా మన్నుల సీసం లేకుండె! కడుపుతోని ఉన్నోళ్లందరికీ నెత్తురు పరీక్ష జేయించాలె, మన్ను పరీక్ష జేయించాలె. అప్పటిదాంక కొలిమి రాజెయ్యం!"

"బందైతే మన పొయ్యి మీద ఏం ఉడుకుతదే?" అన్నాడు నాతో పనిచేసే మైసయ్య. అబద్ధమా? కాదు.

"నా బిడ్డ కడుపుల ఉన్నదాన్ని కూలికి అమ్ముకోమంటవా మైసన్నా?"

తెల్లారి కంపెనీ గేటు ముందు అందరికంటే ముందు కూర్చున్నది మైసయ్యే. ఆడవాళ్లంతా వచ్చారు. పాత బ్యాటరీల లారీ ఆగిపోయింది. దాని వెనకే పోలీసు జీపు వచ్చింది.

ఎస్సై నేరుగా అండాలు దగ్గరికే వచ్చాడు. "కోడలికి మన్ను వెట్టి పిల్లగాన్ని సంపింది నువ్వేనా? పైనుంచి ధర్నా జేస్తవా?"

"నేనే వెట్టిన సారూ, గీ చేతుల్తోనే. సచ్చేదాంక ఏడుస్త," అంది అండాలు. "నా తప్పుకు నన్ను తీస్కపో. మన్నుల ఇసం వోసినోన్ని ఎన్నడు తీస్కపోతవ్?"

ఎస్సై ఆమెను రెక్క పట్టి జీపులో తోసి తీసుకుపోయాడు. లారీ మళ్లీ స్టార్టయింది.

గుంట పూడ్చిన నాటి నుంచి ఒక్క మాటా మాట్లాడని సుమన లేచి వచ్చి చక్రానికి ఎదురుగా కూర్చుంది. ఆమె పక్కన మా మనీష. ఆ దుమ్ములో వద్దు బిడ్డా అనబోయి, ఆమె వెనకే కూర్చున్నాను. మైసయ్య తన తలరుమాలు తీసి ఇద్దరి కిందా పరిచాడు. ఒకరి వెనక ఒకరు, ఊరంతా కూర్చుంటే రోడ్డు నిండింది.

"జరగమ్మా, నా నౌకరి పోతది," అని డ్రైవర్ బతిమాలాడు.

సుమన తలెత్తింది. "లారీ ఎనుకకు మలుపన్నా. మా అత్త వచ్చేదాంక గిక్కడ్నే ఉంటం. వచ్చినంక గూడ ఉంటం."